ఈ-టైపా, పగోడానా? కొనేముందు ఇవి చూడండి

1960ల నాటి ఈ రెండు పాత స్పోర్ట్స్ కార్లలో అందానికే ఓటేస్తే జాగ్వార్ ఈ-టైప్‌దే గెలుపు, కానీ బయానా ఇచ్చేముందు టార్చ్ పట్టుకుని కారు కిందకి దూరండి. ఇంజిన్‌ని మోసే ఫ్రేమ్ గొట్టాలు లోపలి నుంచి తుప్పు పడతాయి, పైన పెయింట్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. వెనక బ్రేకులు చక్రాల దగ్గర కాదు, రెండు వెనక చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె (డిఫరెన్షియల్) పక్కన! రిపేరు బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. 1961 నాటి 3.8 లీటర్ల ఇంజిన్ కారు కంటే 1964లో వచ్చిన 4.2 లీటర్లది తీసుకోండి, గేర్‌బాక్స్ చాలా నయం.

మెర్సిడెస్ పగోడా (1963-71) బానెట్, డిక్కీ మూత అల్యూమినియం, అక్కడ అయస్కాంతం అంటుకుందంటే ఎవరో మార్చేశారన్నమాట. ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు బాగుచేయించడం ఖరీదు.

ఇంజిన్ నంబరు జాగ్వార్‌కైతే కంపెనీ రికార్డుల నుంచి ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్‌తో, బెంజ్‌కైతే కారు తయారైనప్పటి వివరాలుండే డేటా కార్డుతో సరిచూసుకోండి. తరచూ నడుపుతానంటే మాత్రం నా ఓటు పగోడాకే.