సంక్రాంతి కానుకగా కలంకారీ పెట్టె: ఇంట్లో ఎలా తయారు చేయాలి?

సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చే పిల్లలకు, బొమ్మలు వేసే అలవాటున్న బంధువులకు ఇవ్వడానికి చిన్న కలంకారీ పెట్టెను, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు వేసే సామగ్రి ఉన్న పెట్టెను, ఇంట్లోనే సిద్ధం చేయవచ్చు. కరక్కాయ పట్టించిన గుడ్డ, ఒక సీసా నల్ల రంగు, రెండు వెదురు కలాలు, కొన్ని చింతబొగ్గు కడ్డీలు ఉంటే పెట్టె నిండుతుంది. శ్రీకాళహస్తిలో చేత్తో కలంకారీ వేసేవారి సామగ్రిలో ముఖ్యమైనవి ఇవే. పెడనలో చెక్క అచ్చులతో అద్దే పద్ధతి వేరు. ఖర్చు తక్కువే గాని ఓపిక కావాలి. నల్ల రంగు ఊరడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి ధనుర్మాసం మొదలయ్యే డిసెంబరు 16 ప్రాంతంలో పనికి దిగితే భోగి నాటికి అన్నీ చేతికి అందుతాయి.

మొదట నల్ల రంగు

తుప్పు పట్టిన మేకులు, పాత ఇనుప ముక్కలు పావు కిలో తీసుకుని నూనె, మట్టి పోయేలా కడగాలి. స్టీలు ముక్కలు, జింకు పూత లేదా పెయింటు ఉన్నవి పనికిరావు. ఒక లీటరు నీటిలో 100 గ్రాముల బెల్లం కరిగించి, ఆ నీటిని మట్టికుండలోగాని గాజు జాడీలోగాని పోసి ఇనుమును అందులో వేయాలి. తాటిబెల్లం దొరికితే మరీ మంచిది. బెల్లం పులిసి పుట్టే ఆమ్లాలు ఇనుమును కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. ఈ క్రమంలో వాయువు వెలువడుతుంది గనుక బిగుతైన మూత ఎంతమాత్రం పెట్టకూడదు, పలుచని గుడ్డ కట్టి వదిలేస్తే చాలు. రెండు మూడు రోజులకోసారి కర్రతో కలుపుతూ, చలి ఎక్కువగా ఉంటే పగటిపూట ఎండలో ఉంచాలి. పులిసిన వాసన ఇంట్లో అందరికీ నచ్చదు, కాబట్టి పెరటి మూలే దీనికి తగిన చోటు.

తయారైన నీరు నల్లగా ఉండదు. మట్టి రంగులోనో బూడిద రంగులోనో ఉంటుంది. అది చూసి పని చెడిందనుకుని పారబోయవద్దు. అసలు నలుపు సీసాలో కాక, కరక్కాయలోని వగరుతో ఈ ఇనుప నీరు కలిసినప్పుడు గుడ్డ మీద పుడుతుంది. అందుకే కరక్కాయ పట్టించిన గుడ్డ ముక్క మీద ఒక చుక్క వేసి చూడాలి. కొద్ది నిమిషాల్లో అది ముదురు నలుపుకు తిరిగితే రంగు సిద్ధమైనట్టే. గీత బూడిద రంగులోనే ఆగిపోతే మరో నాలుగు రోజులు ఊరనివ్వాలి. చివరికి రెండు మడతల గుడ్డలో వడకట్టి గాజు సీసాల్లో పోయాలి.

గుడ్డను పదును చేయడం

చలువ చేయని నూలు కోరా గుడ్డ రెండు మీటర్లు తీసుకుని, గంజి పూర్తిగా పోయేవరకు నానబెట్టి ఉతికి ఆరబెట్టాలి. గంజి మిగిలిన చోట రంగు పట్టదు. గింజ తీసిన కరక్కాయ పొడి 100 గ్రాములను అర లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం వడకట్టి, కాచని గేదె పాలు అర లీటరు అందులో కలపాలి. గుడ్డను ఇరవై నిమిషాలు ముంచి, అన్ని వైపులా సమంగా పిండి, జాడించకుండా ఎండలో ఆరేయాలి. పాలలోని కొవ్వు రంగును గుడ్డ మీద పాకకుండా ఆపుతుంది. గేదె పాలనే వాడమనడానికి కారణం ఇదే. ఆరేసేటప్పుడు ఇనుప తీగను, ఇనుప క్లిప్పులను తగలనివ్వకూడదు, తడి గుడ్డకు ఇనుము తాకిన చోటల్లా నల్ల మచ్చ పడుతుంది.

కలం, బొగ్గు

కలం చేయడం తేలిక. జానెడు వెదురు పుల్లను ఒక చివర సన్నగా చెక్కి, మొన నుంచి అంగుళం వదిలి, పాత ఉన్ని గుడ్డ పేలికను చిన్న ఉండలా చుట్టి నూలు దారంతో కట్టాలి. ఉన్ని రంగును పీల్చి దాచుకుంటుంది, వేళ్లతో మెల్లగా నొక్కినప్పుడు మొనకు వదులుతుంది. సన్నని గీతలకు వాడి మొనది ఒకటి, నింపడానికి మొద్దు మొనది ఒకటి చేయాలి.

బొగ్గుకు భోగి మంటను మించిన పొయ్యి లేదు. పెన్సిలు లావు చింతపుల్లల బెరడు తీసి, బాగా ఎండబెట్టి, మూత ఉన్న పాత రేకు డబ్బాలో కిక్కిరిసేలా పేర్చి, మూతకు మేకుతో ఒక రంధ్రం చేయాలి. మంట తగ్గాక పెద్దవాళ్లు ఆ డబ్బాను నిప్పుల్లో పెట్టాలి. రంధ్రంలోంచి పొగ రావడం ఆగిపోతే పుల్లలు బొగ్గైనట్టు. డబ్బా పూర్తిగా చల్లారకముందే మూత తీస్తే గాలి తగిలి బొగ్గు అంటుకుని బూడిదవుతుంది.

పెట్టెలో సర్దడం

అన్నింటినీ తాటాకు పెట్టెలో సర్ది కనుమ నాడు ఇవ్వవచ్చు. బీట్‌రూట్ రసం, పసుపు నీళ్లు కూడా పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది గాని, అవి ఎండకు త్వరగా వెలిసిపోతాయి. నా దృష్టిలో నిలిచే నలుపు ఒక్కటి చాలు. పెట్టెతో పాటు చిన్న చీటీ తప్పక ఉండాలి. బొగ్గుతో బొమ్మ గీసి, కలంతో దాని మీద దిద్ది, ఒక రోజు ఆరనిచ్చి, ఎక్కువ నీటిలో గుడ్డ మడత పడకుండా జాడించాలని అందులో రాయాలి. మడత పడితే వదిలిన రంగు మరో చోట అంటుకుంటుంది. ఈ రంగు తాగేది కాదనీ, బట్టల మీద పడితే మరక పోదనీ, సీసా మూతను అప్పుడప్పుడు వదులు చేయాలనీ, పాలు పట్టించిన గుడ్డ చెమ్మకు చెడిపోతుంది గనుక పొడిచోట ఉంచి కొద్ది నెలల్లోనే వాడుకోవాలనీ చేర్చాలి.