వదిలేసిన పాత బండి కనపడిందా? ముందు కిక్ మీద కాలు వేయకండి

పెద్ద సిటీలో పాత బండ్లు కంటికి కనపడవు గానీ ఎక్కడికీ పోవు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో లిఫ్టు వెనకో, మూతపడ్డ మెకానిక్ షెడ్డు పక్క సందులోనో, ఆఫీసు పార్కింగ్‌లో ఎవరూ వెళ్లని మూలనో, కవరు చిరిగి, సీటు మీద దుమ్ము పేరుకుని, రెండు టైర్లూ నేలకి అతుక్కుపోయి నిలబడి ఉంటాయి. అలాంటిది ఒకటి కంటపడితే పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లకి చెయ్యి ఊరుకోదు. ట్యాంకు మీద దుమ్ము తుడుస్తారు, క్లచ్ నొక్కి చూస్తారు, ఆ వెంటనే ఒక కిక్ కొడతారు. ఆ కిక్కే వద్దంటున్నాను. ఏళ్ల తరబడి కదలని ఇంజిన్‌లో పిస్టన్ రింగులు బోర్‌కి, అంటే సిలిండర్ లోపలి గోడకి, అంటుకుని ఉంటాయి, దాని మీద బలంగా కిక్ కొడితే రింగు విరగొచ్చు, కిక్ గేరు పళ్లు లేచిపోవచ్చు. ముందు కాగితాలు, తర్వాత బండిని కదిలించడం, తర్వాత ఇంజిన్. బండి రోడ్డెక్కేముందు బ్రేకులు. ఈ వరస తప్పితే డబ్బూ పోతుంది, బండీ పోతుంది.

వదిలేసిన బండికి కూడా ఓనరు ఉంటాడు, ఇది గుర్తుపెట్టుకోండి. వాచ్‌మన్‌ని అడగండి, బిల్డింగ్ కమిటీ వాళ్లని అడగండి, పక్క షాపులో పాతికేళ్లుగా కూర్చుంటున్న పెద్దాయన ఉంటే ఆయన్ని అడగండి. చాలాసార్లు సమాధానం ఆయన దగ్గరే దొరుకుతుంది. నంబర్ ప్లేటు ఫొటో తీసుకోండి. ఫ్రేమ్ నంబరు సాధారణంగా హ్యాండిల్ కింద స్టీరింగ్ మెడ దగ్గర, ఇంజిన్ నంబరు క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది డబ్బా) మీద కొట్టి ఉంటాయి. అక్కడి మురికిని వైర్ బ్రష్‌తో గీకకండి, కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. అంకెలు సరిగ్గా కనపడకపోతే పైన కాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే అచ్చు పడుతుంది. నంబరు పొట్టిగా ఉందని కంగారుపడక్కర్లేదు, 17 అక్షరాల పద్ధతి 1980ల్లో వచ్చింది, అంతకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. పాత ట్రయంఫ్‌లలో, బీఎండబ్ల్యూలలో చాలావాటికి ఫ్రేమ్ మీదా ఇంజిన్ మీదా ఒకటే నంబరు ఉంటుంది. 1969లో వచ్చిన హోండా సీబీ750 లాంటి వాటికి రెండూ వేరువేరు, ఇంజిన్ నంబరు ముందు ఈ అనే అక్షరం చేరుతుంది. కాబట్టి నంబర్లు కలవలేదని వెంటనే దొంగబండి అనుకోకండి. అంకెల చుట్టూ గ్రైండర్ గీతలున్నా, ఒక అంకె లోతుగా ఇంకొకటి పైపైన ఉన్నా మాత్రం అక్కడి నుంచి వచ్చేయండి.

ఓనరు దొరికాక మాట్లాడే తీరు ముఖ్యం. అది వాళ్ల నాన్నదో తాతదో అయి ఉండొచ్చు. "ఈ తుక్కు అమ్ముతారా" అని మొదలుపెడితే తలుపు మూసేస్తారు. బండిని ఏం చేయబోతున్నారో చెప్పండి, బాగయ్యాక ఒకసారి తీసుకొచ్చి చూపిస్తానని చెప్పండి, నిజంగా తీసుకెళ్లండి కూడా. ఓనరు బతికి లేకపోతే వారసులందరి సంతకాలూ కావాలి. ఒక కొడుకు సరే అన్నాడు కదా అని బండి తీసుకొచ్చేస్తే, అది మెరిశాక రెండో కొడుకు వస్తాడు. పాత లోను తీరిందా, పన్ను బకాయిలున్నాయా, దొంగతనం కేసేమైనా ఉందా అన్నవి డబ్బు చేతులు మారకముందే చూసుకోవాలి. ఓనరు ఎవరో అసలు తేలకపోతే పోలీసులకి చెప్పి, వేలానికి వస్తుందేమో చూడండి. ఆలస్యమవుతుంది, నిజమే. కాగితాలు లేని బండికి ఎంత ఖర్చు పెట్టినా అది మీది కాదు.

కొనాలా వద్దా అనే లెక్కలో చాలామంది ఇంజిన్ పట్టేసిందా లేదా అన్నదే చూస్తారు. నన్నడిగితే పట్టేసిన ఇంజిన్ పెద్ద సమస్య కాదు. పిస్టన్, రింగులు, బేరింగులు చాలా మోడళ్లకి ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, లేదంటే లేత్ పనితో సరిచేయొచ్చు. దొరకనివల్లా పైకి చిన్నగా కనపడేవే. సైడ్ ప్యానెల్, హెడ్‌లైట్ రింగు, ట్యాంకు బ్యాడ్జి, మీటరు, ఒరిజినల్ సైలెన్సర్. తుప్పు పట్టినా అన్నీ ఉన్న బండి, మెరుస్తూ సగం పార్టులు లేని బండికన్నా నయం. టార్చి వేసి ట్యాంకు కింద ఫ్రేమ్ గొట్టాల్నీ, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌నీ చూడండి, అతుకులు, పగుళ్లు, వంకర ఉంటే ఆశ తగ్గించుకోండి.

కదిలించే ముందు ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీయండి, ముఖ్యంగా కేబుళ్లు, వైర్లు ఏవి ఎటు వెళ్తున్నాయో. ట్యాంకులో పెట్రోలుంటే క్యాన్‌లోకి దింపేయండి, బ్యాటరీ తీసేయండి. చక్రం తిరగట్లేదంటే ఎక్కువసార్లు బ్రేక్ షూలు డ్రమ్ముకి అంటుకుని ఉంటాయి. అడ్జస్టర్ నట్టు బాగా వదులు చేసి, డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో చిన్నగా తడుతూ ముందుకీ వెనక్కీ ఊపితే వదులుతుంది. వెనక చక్రం అప్పటికీ మొండికేస్తే చెయిన్ ఊడదీయండి, పట్టింది గేర్‌బాక్సో చక్రమో తేలిపోతుంది. పాత ట్యూబులు కూడా గాలి కొడితే ఆ కాసేపు నిలుస్తాయి, ట్రాలీ ఎక్కించడానికి అది చాలు. ట్రాలీలో కట్టేటప్పుడు బెల్టులు హ్యాండిల్‌కి వేయొద్దు, ఫోర్కులు పట్టుకునే కింది క్లాంపుకి రెండు వైపులా వేసి, ముందు సస్పెన్షన్ సగం దాకా నొక్కుకునేలా బిగించండి.

సిటీలో అసలు తలనొప్పి బండిని ఎక్కడ పెట్టాలన్నది. సెల్లారే దిక్కయితే అక్కడ విప్పడం, బిగించడం వరకే పెట్టుకోండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మట్టానికి చేరి అక్కడే ఉంటుంది, ఎక్కడో స్విచ్ వేస్తే వచ్చే చిన్న స్పార్కు చాలు. ట్యాంకు, కార్బొరేటర్ పని బయట గాలిలోనే చేయండి. చుట్టుపక్కల వాళ్లతో కూడా ముందే ఒక మాట అనుకుంటే మంచిది, సామాన్లు పరిచాక అనుకునేదానికన్నా.

ఇక విప్పడం. ఒక్కో భాగం స్క్రూలు ఒక్కో జిప్ కవర్లో వేసి పేరు రాయండి, లేదా భాగం తీశాక స్క్రూని అదే రంధ్రంలో తిరిగి పెట్టేయండి. జపాన్ బండ్లయితే ఒక సంగతి తెలిసి ఉండాలి. వాటి ఇంజిన్ కవర్ల మీద ఉండే ప్లస్ స్క్రూలు మామూలు ఫిలిప్స్ రకం కావు, జేఐఎస్ అనే జపాన్ కొలతవి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఫిలిప్స్ డ్రైవర్ పెట్టి తిప్పితే అది గాడి అడుగుదాకా కూర్చోదు, బలం పెట్టేకొద్దీ పైకి లేచి జారి స్క్రూ తల గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లు పెట్టడమే. జేఐఎస్ బిట్ కొనండి, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్‌కి తగిలించండి, ముందురోజే స్క్రూల మీద, తుప్పులోకి ఇంకే పెనెట్రేటింగ్ ఆయిల్ చుక్కలు వేసి ఉంచండి. రెండు దెబ్బలకి టక్కుమని వదులుతాయి. పాత బ్రిటిష్ బండ్లది ఇంకో తంటా, వాటి నట్లు చాలావరకు విట్‌వర్త్ అనే పాత ఇంగ్లిష్ కొలతలో ఉంటాయి, మన మిల్లీమీటరు స్పానర్లు వాటికి సరిపోయినట్టే అనిపించి మూలలు కొరికేస్తాయి.

ఇంజిన్ దగ్గరికి వద్దాం. ప్లగ్గు చుట్టూ ఉన్న ఇసుక ముందు ఊదేయండి, లేకపోతే ప్లగ్గు తీయగానే అదంతా లోపల పడుతుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక గూడు, సైలెన్సర్‌లో కందిరీగల మట్టి ఉంటాయి, అవీ చూసుకోండి. ప్లగ్గు రంధ్రంలోంచి పెనెట్రేటింగ్ ఆయిల్ గానీ, ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్స్‌లో పోసే ఏటీఎఫ్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలిపి గానీ పోసి వదిలేయండి. అసిటోన్‌కి నిప్పు దగ్గర ఉండకూడదు, పెయింటు మీద పడకూడదు. ఒక రోజు కాదు, కొన్ని రోజులు. మధ్యమధ్యలో ఇంకాస్త పోస్తూ ఉండండి. తర్వాత టాప్ గేర్‌లో వేసి వెనక చక్రం పట్టుకుని కొద్దిగా ముందుకి, కొద్దిగా వెనక్కి ఊపండి. టాప్ గేరే ఎందుకంటే చక్రం మీద పెట్టిన బలం ఇంజిన్‌కి ఎక్కువగా చేరుతుంది. వెంట్రుకవాసి కదిలినా చాలు, ఇంకా ఆయిల్ పోసి మళ్లీ ఆగండి. ఫోర్ స్ట్రోక్ అయితే తిప్పే ముందే వాల్వుల మీది ట్యాపెట్ మూతలు తీసి పెట్టుకుని, వాల్వులు లేచి కూర్చుంటున్నాయా అని చూస్తూ తిప్పండి, ఇరుక్కున్న వాల్వు మీద బలవంతం చేస్తే దాన్ని కదిలించే పుష్ రాడ్ వంగొచ్చు. అసలు కదలకపోతే హెడ్డు (సిలిండర్ పై మూత) విప్పాల్సిందే.

టూ స్ట్రోక్ బండ్లు తేలిగ్గా స్టార్ట్ అవుతాయి, మోసం అక్కడే ఉంది. క్రాంక్ షాఫ్ట్ రెండు చివరలా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు ఏళ్ల తరబడి ఎండి గట్టిపడతాయి, వాటి సందులోంచి గాలి పీల్చుకుంటే పెట్రోలూ ఆయిలూ పాళ్లు తగ్గి, ఇంజిన్ వేడెక్కి నడుస్తూ నడుస్తూ పిస్టన్ పట్టేస్తుంది. బాగా మోగుతోంది కదా అని వదిలేయకుండా సీళ్లు మార్చేయండి. డ్రై సంప్ ఉన్న, అంటే ఆయిల్‌ని ఇంజిన్‌లో కాక వేరే ట్యాంకులో ఉంచే, పాత బ్రిటిష్ బండ్లలో ఆయిల్ ట్యాంకులోని ఆయిల్ మెల్లగా కారి క్రాంక్‌కేస్‌లో నిండిపోయి ఉంటుంది, కిక్ కొట్టే ముందు దాన్ని కింది నుంచి దింపేయాలి.

ట్యాంకు లోపల టార్చి వేస్తే ఎర్రగా పొక్కులు కనపడతాయి. పెట్రోలు కాక్ తీసి ఆ రంధ్రం మూసి, మామూలు వెనిగర్ నిండా పోసి ఒకటి రెండు రోజులు ఉంచండి, తుప్పు మరీ మందంగా ఉంటే గుప్పెడు నట్లు వేసి ఊపండి. తీశాక వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే పూర్తిగా ఆరబెట్టి, లోపల ఇంజిన్ ఆయిల్ తిప్పండి. తడిగా పది నిమిషాలు వదిలితే మళ్లీ ఎర్రబడటం మొదలవుతుంది. కరెంటుతో తుప్పు తీసే పద్ధతీ ఉంది గానీ అందులో స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్క మాత్రం వాడకండి, విషపు క్రోమియం పుడుతుంది. కార్బొరేటర్‌లో పాత పెట్రోలు ఎండి జిగురై, పెట్రోలుని కొలిచి వదిలే జెట్‌ల రంధ్రాలు మూసేస్తుంది. క్లీనర్ కొట్టి, కరెంటు వైరులోని ఒక రాగి పోగుతో తెరవండి. ఇనప తీగ పెడితే రంధ్రం పెద్దదవుతుంది, ఆ తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా కుదరదు.

కరెంటు విషయానికొస్తే ముందు బండి 6 వోల్టులదా 12 వోల్టులదా తేల్చుకోండి. పాత బ్రిటిష్ బండ్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ కొనే బాడీకి ఎర్త్ అవుతుంది. అలవాటు కొద్దీ మైనస్ తగిలిస్తే కాలిపోయేవి ఉంటాయి. స్పార్కు రాకపోతే ముందుగా కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే పాయింట్లే చూడండి, సన్న ఎమరీ పేపరుతో ఒకసారి రుద్ది, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో గ్యాప్ సరిచేయండి. చాలా బండ్లకి ఇది 0.35 నుంచి 0.45 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే పెట్టండి.

ఇంజిన్ మోగిందంటే ఒక రౌండ్ వేసొద్దామని అందరికీ అనిపిస్తుంది, అందుకే స్టార్ట్ చేయకముందే బ్రేకుల పని ముగించమంటాను. పాత బ్రేక్ లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ము దుమ్ముని నోటితోనో ఎయిర్ గన్‌తోనో ఊదొద్దు, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. డిస్క్ బ్రేకైతే ఫ్లూయిడ్ మొత్తం మార్చి, రబ్బరు గొట్టం కూడా మార్చండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కి ముందుది, గాడులు ఎంత లోతుగా కనపడినా రోడ్డు మీదికి తేవద్దు.

మొదటి స్టార్ట్ ఆరుబయటే, ఎందుకంటే మూసిన సెల్లార్‌లో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే మనిషిని పడేస్తుంది. పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకోండి. ఫోర్ స్ట్రోక్‌కి కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గు లేకుండా కాసేపు కిక్ తిప్పి, హెడ్డు దగ్గర ఆయిల్ పైపు నట్టు వదులు చేసి ఆయిల్ పైకి వస్తోందో లేదో చూశాకే ప్లగ్గు బిగించండి. పెట్రోలు ట్యాంకు నుంచి కాకుండా పైన వేలాడదీసిన చిన్న సీసా నుంచి ఇస్తే ఏదైనా లీకైనా అరలీటరుతో పోతుంది. టూ స్ట్రోక్ అయితే ఆ సీసాలోని పెట్రోల్లో ఆయిల్ కలపడం మర్చిపోకండి. మోగాక రెండు మూడు నిమిషాలే, ఆపేసి చుట్టూ చూడండి, ఎక్కడ కారుతోంది, ఎక్కడ కాలుతున్న వాసన వస్తోంది అని. చల్లారాక హెడ్డు బోల్టులు బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో ఒకసారి చూసి, కొద్ది దూరం నడిపి ఆయిల్ మళ్లీ మార్చండి. తీసిన ఆయిల్ డ్రైనేజీలో పోయకుండా క్యాన్‌లో పట్టి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి.

పెయింటు మాత్రం ఇప్పుడే వద్దు. కంపెనీ పెయింటూ, చేత్తో గీసిన పిన్‌స్ట్రైప్ గీతలూ సగం మిగిలినా వాటికి విలువ ఉంది, ఒకసారి గీకేస్తే మళ్లీ రావు. మెత్తని పాలిష్, మైనం పూసి ఒక సీజన్ అలాగే నడపండి, అప్పటికీ కొత్త రంగు కావాలనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు.