రూమ్మేట్ "యేసు నిజంగా ఉన్నాడా?" అని అడిగితే

చదువుకోవడానికి మాంచెస్టర్‌లో దిగే మన పిల్లలకు నేను ముందే చెప్తుంటాను: ఇక్కడ మీ విశ్వాసాన్ని తిట్టేవాళ్లు తక్కువ, పట్టించుకోనివాళ్లే ఎక్కువ. ఇంగ్లండ్, వేల్స్‌లో జనగణనలో క్రైస్తవులమని రాయించుకున్నవాళ్లు 2011లో 59.3 శాతం, 2021లో 46.2 శాతం. ఊళ్లో "వాక్యంలో ఉంది" అంటే సరిపోయేది. ఇక్కడ ఆ మాటతో సంభాషణ ఆగిపోతుంది.

అందుకే అడిగిందేమిటో ముందు సరిగ్గా వినండి. యేసు అనే మనిషి ఉన్నాడా అన్నది ఒక ప్రశ్న, ఆయన దేవుడా అన్నది ఇంకొకటి. మొదటిదానికి మీ విశ్వాస సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టకండి, చరిత్ర చెప్పండి. రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌కు క్రైస్తవులంటే అస్సలు గిట్టదు. అయినా రోమా చక్రవర్తి తిబెరి కాలంలో, యూదయను పాలించిన రోమన్ అధికారి పొంతి పిలాతు క్రీస్తుకు మరణశిక్ష వేయించాడని రాశాడు. గిట్టనివాడు రాశాడు కాబట్టే ఆ మాటకు బరువు.

వీలైతే ఆ స్నేహితుణ్ణి డీన్స్‌గేట్‌లోని జాన్ రైలాండ్స్ లైబ్రరీకి తీసుకెళ్లండి. టికెట్ లేదు. అరచేతిలో పట్టేంత పపైరస్ (పూర్వం రాయడానికి వాడిన రెల్లు కాగితం) ముక్క ఒకటి అక్కడుంది, యోహాను సువార్త 18వ అధ్యాయంలోది. రెండు వైపులా గ్రీకు అక్షరాలు, పిలాతు ముందు యేసు విచారణ. ప్రదర్శనలో పెట్టారో లేదో వెళ్లేముందు కనుక్కోండి. చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కానీ అది క్రీ.శ. 125 నాటిదని ఖాయంగా చెప్పకండి. చేతిరాతను బట్టి వేసిన అంచనా అది. ఇంకా తర్వాతిది కావచ్చనే పండితులూ ఉన్నారు. యేసు తిరిగి లేచాడని ఆ ముక్క నిరూపించదు కూడా. నిరూపిస్తుందన్నారా, అతను అక్కడికక్కడే ఫోన్‌లో వెతుకుతాడు, ఆపైన మీరు చెప్పే ఏదీ నమ్మడు.

పునరుత్థానం గురించే అడిగితే బైబిల్లో 1 కొరింథీ 15వ అధ్యాయం తెరవండి. సిలువ తర్వాత దాదాపు పాతికేళ్లలోపే రాసిన ఉత్తరం. తిరిగి లేచిన యేసును చూసినవాళ్లను కేఫా (అంటే పేతురు), యాకోబు అని పౌలు పేర్లతో సహా చెప్తాడు. ఐదు వందలమందికి పైగా చూశారని, వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని అంటాడు.

అమ్మను పోగొట్టుకున్న మనిషి "అప్పుడు మీ దేవుడెక్కడున్నాడు?" అంటే మాత్రం ఇవేవీ తీయకండి. టీ పెట్టివ్వండి, పక్కన కూర్చోండి. "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పమన్నాడు పేతురు.

తెలియని ప్రశ్న వస్తే "చదివి శనివారం చెప్తాను" అనండి. శనివారం అతను మరిచిపోయినా మీరే ఆ మాట ఎత్తండి.