ఆఫ్‌సెట్ ఇంకులో రెడ్యూసర్, డ్రయర్ కలపడం ఎలా?

చాలా ప్రెస్సుల్లో ఇంకు డక్ట్ (మెషిన్‌లో ఇంకు పోసే తొట్టి) పక్కన ఒక పాత చాయ్ గ్లాసు ఉంటుంది. అందులో ఇంకు తొందరగా ఎండడానికి కలిపే డ్రయర్, సగం గడ్డకట్టి, దాంట్లో గుచ్చిన ఒక పుల్ల. ఆర్డరు అర్జెంటు అనగానే ఆ పుల్లతో రెండు చుక్కలు డక్ట్‌లోకి విదిలిస్తారు. చుక్క అంటే ఎంత అని అడిగితే చెప్పేవాడు లేడు. నల్లగొండలో ఇరవై ఏళ్లకు పైగా మెషిన్ నడిపి, ఆ రెండు చుక్కల వల్ల పాడైన కాగితం కట్టలు కట్టలు చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

కలపడం కన్నా ముందు, అసలు కలపాల్సిన పని ఉందా అని చూడాలి. డబ్బాలో వచ్చే ఇంకు నేరుగా నడపడానికే తయారైంది, చాలా ఇంకుల్లో డ్రయర్ ముందే ఉంటుంది. పుష్య మాసపు పొద్దున ఇంకు గట్టిగా ఉందని, జిగురు తగ్గించి పల్చబరిచే రెడ్యూసర్ డబ్బా అందుకుంటారు. అది ఇంకు స్వభావం, కదిలిస్తేనే మెత్తబడుతుంది. గాజు పలక మీద కత్తితో అయిదు నిమిషాలు మెదపండి, రోలర్లను పది నిమిషాలు ఉత్తగా తిప్పండి. పదిసార్లలో ఏడుసార్లు డబ్బా మూత తీసే అవసరమే రాదు. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఇంకు దానంతట అదే జారుతుంటే, అందులోనూ రెడ్యూసర్ కలిపేవాళ్లను చూశాను. అడిగితే అలవాటు అన్నారు.

రెండోది నీళ్లు, ఆఫ్‌సెట్‌లో ప్లేటు మీద అచ్చు లేని చోట ఇంకు అంటకుండా తడిపేవి. మా జిల్లా పేరెత్తితే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ, ప్రెస్సులో మమ్మల్ని ఏడిపించేది బోరు నీళ్లలోని సున్నం. అది రోలర్ల మీద పొరలా పట్టి నున్నగా చేస్తుంది, ఇంకు అంటదు. అంటట్లేదని ఇంకులో ఏదో కలుపుతారు. ఇంకో తప్పు దీనికి ఉల్టా. ప్లేటు మురికి పడుతోందని, ఆ నీళ్లలో కలిపే ఫౌంటెన్ ద్రావణం ఇష్టమొచ్చినట్టు పోస్తారు, నీళ్లలో ఆమ్లం పెరుగుతుంది, ఆ ఆమ్లం ఇంకులోని డ్రయర్‌ను పని చేయనివ్వదు. ఇంకు ఎండదు. ఎండట్లేదని మళ్లీ డ్రయర్! పీహెచ్ కాగితం ముక్క ముంచి చూడండి, 4.8 నుంచి 5.5 మధ్య ఉండాలి. ఇరవై లీటర్ల ఆర్వో క్యాన్ తెచ్చుకుని, ఫౌంటెన్ ద్రావణాన్ని డబ్బా మీద రాసినంతే కొలిచి పోయండి. బోరు నీళ్లు చేతులు కడుక్కోవడానికి.

సామాను పెద్దగా ఏం లేదు. గ్రాములో పదో వంతు చూపే చిన్న డిజిటల్ కాటా, గాజు పలక, రెండు స్టీలు కత్తులు, సూది తీసేసిన సిరంజి, గ్లౌజులు, ఒక నోటుబుక్కు. ప్లాస్టిక్ కత్తి వద్దు. ఎందుకంటే వద్దు.

ఇంకును ఎప్పుడూ పలక మీదే కలపాలి. డక్ట్‌లో నేరుగా పోస్తే ఒక మూల పల్చగా, ఒక మూల చిక్కగా ఉండి షీటు మీద ఎడమకూ కుడికీ రంగు తేడా వస్తుంది. జాబుకు ఎంత ఇంకు పడుతుందో అంచనా వేసి, అంతే తూచి, అంతే కలపండి. 300 గ్రాముల ఇంకు తీసుకున్నారనుకుందాం.

రెడ్యూసర్ సంగతి తేలికే. నాసిరకం కాగితం మీద సాలిడ్ (ఖాళీ లేకుండా నిండుగా పరిచే రంగు) కొడుతుంటే ఇంకు జిగురు కాగితం పొరను పీకి బ్లాంకెట్ (ప్లేటు నుంచి అచ్చు తీసుకుని కాగితానికి ఎక్కించే రబ్బరు షీటు) మీదకు తెస్తుంది, అచ్చులో తెల్ల చుక్కలు పడతాయి. అప్పుడే రెడ్యూసర్. 300 గ్రాములకు మొదట 6 గ్రాములు, అంటే రెండు శాతం. కలిపి, వేలితో తాకి పైకి లేపండి. అరిసెల పాకం చూసినట్టే, తీగ పొడుగ్గా సాగి ఆలస్యంగా తెగితే జిగురు ఇంకా ఎక్కువుందని, పొట్టిగా తెగితే చాలని. చాలకపోతే ఇంకో 3 గ్రాములు. నా దగ్గర అయిదు శాతం హద్దు. అది దాటితే రంగు వెలవెలబోతుంది, ఫోటోను కట్టే స్క్రీన్ చుక్కలు ఉబ్బి ఫోటోలో ముఖాలు నల్లబడతాయి, ఎండడమూ ఆలస్యమవుతుంది. రెడ్యూసర్ బదులు కిరోసిన్ వాడేవాళ్లకు నేను చెప్పేదేం లేదు. రోలర్లు ఉబ్బినప్పుడు వాటి బిల్లే చెబుతుంది.

మైనం పేస్టు రాపిడికి తట్టుకోవడానికి వేస్తారు, మూడు శాతం మించొద్దు. పైన లామినేషన్ గానీ బంగారు ఫాయిల్ గానీ ఉంటే అసలు వద్దు, పట్టదు.

ఇక డ్రయర్. ఇక్కడ నెమ్మదిగా చదవండి.

డ్రయర్లలో ఒకటి కోబాల్ట్, ఊదా రంగు ద్రవం. ఇది ఇంకును పైనుంచి ఎండబెడుతుంది, కాచిన పాల మీద మీగడ కట్టినట్టు. ఇంకోటి పేస్టు డ్రయర్, ఇందులో మాంగనీస్ ఉంటుంది కాబట్టి లోపలి దాకా మెల్లగా ఎండుతుంది. మనవాళ్లకు కోబాల్ట్ అంటేనే ఇష్టం, తొందరగా పని కనిపిస్తుందని. చిక్కు కూడా అక్కడే. ఎక్కువైతే పైన మీగడ గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. వేలితో తాకితే ఎండినట్టే ఉంటుంది, కటింగ్ మెషిన్ కింద నొక్కేసరికి పక్క షీటుకు అంటుకుంటుంది.

ఒక శ్రావణంలో నాకే జరిగింది. పెండ్లి కార్డులు, ఆర్ట్ కార్డు (నున్నటి పూత ఉన్న మందపాటి కాగితం) మీద ముదురు మెరూన్ సాలిడ్, దాని మీద బంగారు రంగులో అక్షరాలు. నాలుగు రోజులుగా ముసురు. రాత్రి మెరూన్ కొడుతుంటే మా మెషిన్ మీది పిల్లగాడు, "అన్నా, డ్రయర్ జర ఎక్కువేసిన, పొద్దుగాలకల్లా ఎండుతది" అన్నాడు. నేనూ సరేలే అన్నాను, తప్పు నాదే. పొద్దున చూస్తే మెరూన్ అద్దంలా మెరుస్తోంది, సంబరపడ్డాం. బంగారు రంగు ఎక్కిస్తే తామరాకు మీద నీళ్లే. అక్షరాలు చుక్కలు చుక్కలుగా చెదిరిపోయాయి, గోటితో గీకితే పొడిలా రాలాయి. కింది రంగు గాజులా బిగిసిపోతే పై రంగుకు పట్టు ఉండదు. మొత్తం కార్డు చెత్తలోకి పోయింది, మళ్లీ కొత్త కార్డు తెప్పించి కొట్టాం. పెండ్లివాళ్లు పంచడానికి మూడు రోజులే మిగిలాయి.

అందుకే మా ప్రెస్సులో ఒక లెక్క ఉంది. ఒకటి కన్నా ఎక్కువ రంగులుంటే డ్రయర్ చివరి రంగులోనే, మొదటి రంగులో వేయం. మాప్లితో (పూత లేని మామూలు కాగితం) మీద కరపత్రాలకు, బిల్లు బుక్కులకు డ్రయర్ అక్కర్లేదు, కాగితమే నూనె పీల్చుకుంటుంది. చెర్వుగట్టు జాతర కరపత్రాలకు కూడా డ్రయర్ కొట్టినవాళ్లున్నారు, అది డబ్బు దండగ. ఆర్ట్ పేపరు, ఆర్ట్ కార్డు మీద నిండు సాలిడ్, ముసురు పట్టిన రోజులు, ఈ రెంటికే డ్రయర్ డబ్బా తీయండి.

కొలత: పేస్టు డ్రయర్ అయితే ఒక శాతంతో మొదలుపెట్టి రెండు దాటొద్దు, అంటే 300 గ్రాములకు 3 నుంచి 6 గ్రాములు. కోబాల్ట్ ద్రవమైతే అర శాతం, మహా అయితే ఒకటి, అంటే సిరంజితో ఒకటిన్నర నుంచి 3 గ్రాములు, కాటా మీదే. డబ్బా మీద కంపెనీ అంతకన్నా తక్కువ రాస్తే అదే మాట. రెండు డ్రయర్లు ఒకేసారి వేయొద్దు. ఇంకును పలక మీద పరిచి, డ్రయర్‌ను నాలుగు చోట్ల పెట్టి, మడిచి మడిచి కలపండి, చారలు కనిపించకుండా పోయేదాకా.

కలపగానే మెషిన్ ఎక్కించకండి. అదే కాగితం ముక్క మీద డ్రయర్ లేని ఇంకు ఒక మూల, ఉన్న ఇంకు ఇంకో మూల వేలితో పల్చగా అద్ది, టైము పెన్సిల్‌తో రాసి పెట్టండి. ఫ్యాను కింద పెట్టొద్దు, ఫ్యాను అబద్ధం చెబుతుంది. అలాంటిదే ఇంకో ముక్క షీట్ల మధ్య పెట్టండి, కట్ట లోపల గాలి ఆడదు, అక్కడ ఎండితేనే ఎండినట్టు. రెండు గంటలకోసారి తీసి, తెల్ల కాగితంతో రుద్ది, గోటితో గీకి చూడండి. మొదటిసారి చేస్తున్నవాళ్లు ఈ పరీక్ష ముందు రోజే చేసుకుంటే టెన్షన్ ఉండదు.

నడుస్తున్నప్పుడు ఖాళీ జాగాలో లేత రంగు పొర కనిపించినా, రోలర్ల మీద ఇంకు గడ్డలు కట్టినా డ్రయర్ ఎక్కువైందేమో చూడండి. నీళ్లు పెంచి సర్దుకుందాం అనుకోవద్దు, ఇంకు ఇంకా నీళ్లు తాగి పాడవుతుంది. ఆపి, రోలర్లు కడిగి, కొత్త ఇంకు వేయండి. అచ్చయిన సాలిడ్ షీట్లను జానెడు ఎత్తుకు మించి పేర్చకండి. ఒక్కో కట్టను విడిగా పెట్టి, గంట తర్వాత చేత్తో విప్పి గాలి పట్టించండి. పౌడర్ స్ప్రే ఉంటే వాడండి, కానీ అది డ్రయర్‌కు బదులు కాదు, షీటుకూ షీటుకూ మధ్య సందు మాత్రమే ఇస్తుంది.

డ్రయర్ కలిసిన ఇంకు మిగిలితే మళ్లీ డబ్బాలో పోయొద్దు, డబ్బా మొత్తం పొర కడుతుంది. అన్నానికి వెళ్తే రోలర్ల మీద వదిలేయకండి, కడిగే వెళ్లండి. కోబాల్ట్ ఒంటికి మంచిది కాదు, గ్లౌజులు తీశాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ముద్ద పట్టండి. వేస్టు షీట్లు మిర్చి బజ్జీల బండికి ఇచ్చే అలవాటుంటే ఈ రోజే మానండి.

చివరగా గుడ్డలు. ఇంకు నూనె, డ్రయర్ తడిసిన గుడ్డలను ఒక మూల కుప్పేస్తే అవి లోలోపల వేడెక్కి వాటంతట అవే అంటుకోగలవు, నిప్పు తగలక్కర్లేదు. మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్లు పోసి అందులో వేయండి, షట్టరు దించే ముందు ఆ డబ్బాను కాగితం బండిళ్లకు దూరంగా జరపండి.