ఊళ్ళో వేసిన రోడ్డుకు లెక్క అడగాలంటే

కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు ఒక్క వానకే కంకర తేలితే మన ఊళ్ళలో జనం రచ్చకట్ట మీద తిట్టుకుంటారు. ఇంకాస్త పట్టుదల ఉన్నవాళ్ళు సోమవారం అనంతపురం కలెక్టరేట్‌కు పోయి గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తారు. అర్జీ ఇవ్వడం తప్పు కాదు. కానీ "రోడ్డు బాగాలేదు, తగు చర్య తీసుకోగలరు" అని మాత్రమే రాస్తే, ఆ అర్జీ ఒక్కో ఆఫీసూ దిగి, చాలాసార్లు ఆ పని చేయించినవాళ్ళ దగ్గరికే విచారణకు వస్తుంది. "విచారించడమైనది, పని సక్రమంగా ఉన్నది" అని వాళ్ళు రాసి పంపితే, కాదనడానికి మీ చేతిలో ఏముంటుంది? నేను ఈ జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అలాంటి జవాబులు ఎన్నో చూశాను. అందుకే ఎవరొచ్చి అడిగినా ముందు రికార్డు సంపాదించమనే చెప్తాను.

ఆఫీసు రికార్డు అడిగి తీసుకునే ఈ హక్కు మనకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అని కూలీలు, రైతుల సంఘం ఉంది. కరువు పనుల మస్టర్లలో, అంటే కూలీల హాజరు పట్టీల్లో, దొంగ పేర్లు రాసి తమ కూలి కాజేస్తున్నారని వాళ్ళు 1994లో కోట్ కిరానా అనే ఊళ్ళో లెక్కలన్నీ జనం ముందు చదివి వినిపించారు. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. ఆ పోరాటమే పెరిగి పెరిగి, 2005 అక్టోబర్ 12 నుంచి సమాచార హక్కు చట్టంగా అమల్లోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2006 ఫిబ్రవరి 2న, మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ఉపాధి హామీ పథకం మొదలైంది. దాంతోపాటే ఊరి మధ్య కూర్చుని ఎవరి పేరున ఎన్ని రోజుల పని రాశారో చదివే సామాజిక తనిఖీ వచ్చింది. చదువు రాని ఆడవాళ్ళు లేచి "నేను ఆ వారం పనికే పోలేదు సార్, నా పేరెట్ల రాస్తిరి?" అని అడగడం నేను చూశాను. ఒక సంఘం పట్టుబడితే చట్టం పుడుతుంది, కానీ దాన్ని మన ఊళ్ళో మనమే వాడుకోవాలి.

సరే, రోడ్డు సంగతికి వద్దాం. దరఖాస్తులో "రోడ్డు ఎందుకు పాడైంది? ఎవరు బాధ్యులు?" అని రాయకండి. ఆఫీసులో ఉన్న రికార్డు ఇవ్వమని అడగడానికే ఈ చట్టం. "ఎందుకు" అంటే "అటువంటి సమాచారం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రికార్డును దాని పేరుతోనే అడగండి. ఇలా రాస్తే చాలు: "సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. మా గ్రామంలో ఫలానా ఆయన ఇంటి నుంచి ఫలానా గుడి వరకు వేసిన సిమెంటు రోడ్డు పనికి సంబంధించి మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేట్, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లులు, వోచర్ల ధ్రువీకరించిన నకళ్ళు ఇవ్వగలరు." కింద పేరు, అడ్రసు, తేదీ, సంతకం. తెలుగులోనే రాయండి. ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు. రాయడం రాకపోతే, నోటితో చెప్పింది రాసుకోవడంలో సాయపడాల్సిన బాధ్యత పౌర సమాచార అధికారిదే, అంటే ఆ ఆఫీసులో ఈ దరఖాస్తులకు జవాబివ్వాల్సిన అధికారిదే. పదేళ్ళ రిజిస్టర్లన్నీ ఒకేసారి అడగొద్దు. ఒక పని, ఒక దరఖాస్తు.

మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళు రుజువు జతచేస్తే ఫీజు కట్టనక్కర్లేదు. తీర్మానాలు, క్యాష్ బుక్ పంచాయతీలో ఉంటాయి. ఎం-బుక్ మాత్రం ఇంజనీర్ల దగ్గర ఉంటుంది. తెలియక కార్యదర్శికే ఇచ్చినా నష్టం లేదు, అయిదు రోజుల్లో ఆయనే సంబంధిత ఆఫీసుకు పంపాలి. ఎక్కడ ఇచ్చినా తేదీ, ముద్ర వేసిన రసీదు తీసుకోకుండా కదలకండి. తీసుకోం అని వాళ్ళంటే స్పీడ్ పోస్టులో పంపండి. 30 రోజుల్లో జవాబు రావాలి. గడువు దాటితే నకళ్ళు ఉచితంగా ఇవ్వాల్సిందే. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా మరో 30 రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా జాప్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేయొచ్చు.

ఎం-బుక్ చేతికొచ్చాక అసలు పని. అందులో పొడవు, వెడల్పు, మందం, వాటిని గుణించిన ఘనపు మీటర్లు ఉంటాయి. అంకెలు చూసి భయపడకండి, టేపు పట్టుకుని రోడ్డు మీదికి పోండి. కళ్యాణదుర్గం వైపు ఒక ఊరి కుర్రాళ్ళు నా దగ్గరికి తెచ్చిన కాపీలో 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 0.15 మీటర్ల మందం రాసి ఉంది. అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటుకు బిల్లు. రోడ్డు అంచు విరిగిన చోట స్కేలు పెట్టి చూస్తే మందం 10 సెంటీమీటర్లు. అన్ని చోట్లా అంతే ఉంటే వేసింది 30 ఘనపు మీటర్లే. మిగతా 15 ఎక్కడికి పోయాయి? రచ్చకట్ట మీద ఎంత తిట్టుకున్నా రాని ప్రశ్న ఇది. ఒక్క చోట కొలిచి ఊరుకోకండి, అయిదారు చోట్ల కొలిచి, స్కేలు కనబడేట్టు ఫొటో తీయండి. జరిగిన పనిని తనిఖీ చేయడం, వాడిన సామగ్రి నమూనాలు అధికారికంగా తీసుకోవడం కూడా ఈ చట్టం కింద మన హక్కే. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కాపీ తీసుకుని కాంట్రాక్టర్ ఇంటికి పోయి బేరం పెట్టేవాళ్ళున్నారు. వాళ్ళ వల్లే నిజాయితీగా అడిగేవాళ్ళను కూడా బ్లాక్‌మెయిలర్ అంటున్నారు. లెక్క అడిగేది ఊరి కోసమైతే ఊరి ముందే అడగండి.

అందుకు చోటు గ్రామసభ. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ లెక్కలు, ఆడిట్ రిపోర్టు అక్కడ పెట్టాలి, ఓటరుగా ఉన్న ప్రతి ఒక్కరూ సభ్యులే. ఒంటరిగా పోకండి. ఆ వీధివాళ్ళను పదిమందిని, ముఖ్యంగా పొదుపు సంఘం ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పోండి. వాళ్ళు అడిగితే సర్పంచ్ కూడా కొట్టిపారేయలేడు. కొలతల కాగితం సర్పంచ్‌కు, కార్యదర్శికి చెరొకటి ఇచ్చి, నాణ్యత తనిఖీ కోరుతూ తీర్మానం రాయమనండి. ఆ కుర్రాళ్ళు అలాగే చేశారు, కాంట్రాక్టర్‌కు రావాల్సిన చివరి బిల్లు ఆగింది. సంతకాల పుస్తకం మీ దగ్గరికి వచ్చినప్పుడు తీర్మానం రాశాకే సంతకం పెట్టండి, ఖాళీ పేజీ మీద మాత్రం ఎంత తెలిసినవాళ్ళు అడిగినా పెట్టకండి. సభ ముగిశాక వారం ఆగి, ఆ రోజు తీర్మానాల నకలు కోసం మళ్ళీ ఒక దరఖాస్తు వేయండి. అది పంచాయతీలోనే ఉంటుంది కాబట్టి దరఖాస్తు ఫీజు కూడా ఉండదు. ఆ నకలు జతచేసి ఇస్తే, కలెక్టరేట్‌లో మీ అర్జీని అంత తేలిగ్గా మూసేయలేరు.