హంపి వెళ్తున్నారా, రెండు రోజులు పెట్టుకోండి

హంపిని ఒక్కరోజులో చుట్టేసి వచ్చేద్దాం అనుకోకండి ప్లీజ్. 1336 నుంచి 1565 దాకా విజయనగర సామ్రాజ్య రాజధాని అది, గుళ్ళూ కోటలూ కిలోమీటర్ల కొద్దీ పరుచుకుని ఉంటాయి, పైగా మధ్యాహ్నం ఆ బండరాళ్ళ మధ్య ఎండ మామూలుగా ఉండదు. హోస్పేటలో ట్రైన్ దిగితే అక్కడి నుంచి 13 కిలోమీటర్లే, ఆటోలు బస్సులు రెండూ దొరుకుతాయి.

మొదటిరోజు పొద్దున్నే విఠల ఆలయానికి వెళ్ళండి, గేటు తీసే టైంకి ఉంటే జనం పెద్దగా లేకుండా రాతిరథాన్ని తనివితీరా చూడొచ్చు, మన 50 రూపాయల నోటు వెనకాల ఉండేది అదే. పార్కింగ్ నుంచి గుడి దాకా బ్యాటరీ బండ్లు ఉంటాయి. కొడితే స్వరాలు పలికే సంగీత స్తంభాలు ఉంటాయి, వాటిని మాత్రం కొట్టి చూడకండి, నిషేధం ఉందని మాత్రమే కాదు, పగిలితే మళ్ళీ చెక్కిచ్చేవాళ్ళు లేరు. టికెట్ పారేయొద్దు, అదే రోజు అదే టికెట్‌తో జనానా ప్రాంగణంలోకీ, అంటే రాణివాసంలోకీ పంపిస్తారు, లోటస్ మహల్, ఏనుగుల శాల అక్కడే.

ఆ పక్కనే హజారరామ ఆలయం. పిల్లలుంటే ఇక్కడ టైం ఇవ్వండి, గోడల మీద రామాయణం అంతా వరుసగా చెక్కి ఉంటుంది, బొమ్మ బొమ్మకీ ఆగి కథ చెప్పొచ్చు. మహానవమి దిబ్బ అనే ఎత్తైన రాతి వేదిక ఎక్కేముందు కింద చుట్టూ ఒకసారి నడవండి, వేటలు, గుర్రాలు, నాట్యాల బొమ్మలన్నీ ఆ అంచుల్లోనే చెక్కి ఉన్నాయి, చాలామంది నేరుగా పైకెక్కి సెల్ఫీ దిగి వెళ్ళిపోతారు, బాధేస్తుంది. దగ్గర్లోని మెట్ల పుష్కరిణి రాళ్ళ మీద ఏ రాయి ఎక్కడ పెట్టాలో శిల్పులు వేసుకున్న గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి.

సాయంత్రం హేమకూటం కొండ ఎక్కి సూర్యాస్తమయం చూడండి.

రెండోరోజు విరూపాక్ష ఆలయం. ఇప్పటికీ నిత్యపూజలు జరిగే గుడి, ముందు దర్శనం చేసుకుని తర్వాత గర్భగుడి వెనకున్న చీకటి గదికి వెళ్ళండి, చిన్న కంతలోంచి వచ్చే వెలుతురుకి రాజగోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. తర్వాత కృష్ణాలయం, ఉదయగిరి గెలిచాక కృష్ణదేవరాయలు కట్టించింది. అక్కడి నుంచి కాస్త ముందుకెళ్తే 1528 నాటి నరసింహస్వామి, ఒకే రాయి, 6.7 మీటర్ల ఎత్తు. ఒళ్ళో ఉండాల్సిన లక్ష్మీదేవి లేదు, పగలగొట్టేశారు, స్వామిని చుట్టిన ఆమె చెయ్యి మాత్రం ఆయన వీపు మీద అలాగే ఉండిపోయింది.