అద్దె ఫ్లాట్‌లో ఏసీ: స్ప్లిట్టా, సెంట్రలా?

హైదరాబాద్‌లో అద్దెకు ఫ్లాట్ చూస్తుంటే, కొన్నింట్లో ఓనరే ఇల్లంతటికీ సెంట్రల్ ఏసీ, అంటే డక్టుల (గాలి గొట్టాల) ఏసీ పెట్టించి ఉంటారు. గోడల మీద ఏమీ కనబడదు, చూడ్డానికి బాగుంటుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు మాత్రం ఒక్క మాట అడగండి: రాత్రిపూట ఒక్క బెడ్‌రూమ్‌కే వేసుకోవచ్చా, లేక ఇల్లంతా చల్లబడాల్సిందేనా? గదికో కంట్రోల్ లేకపోతే, ఇద్దరు పడుకునే గది కోసం ఇంటిల్లిపాదికీ సరిపడే కరెంటు కాలుతుంది. రిపేర్లు, డక్టుల క్లీనింగ్ ఎవరి ఖర్చో అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

ఏసీ లేని ఫ్లాటైతే నా ఓటు స్ప్లిట్‌కే, అదీ పడుకునే గదికి మాత్రమే. గోడకు కన్నం పెట్టడానికి ఓనర్ ఒప్పుకున్నట్టు కనీసం వాట్సాప్‌లోనైనా మెసేజ్ తీసుకోండి. 16 ఆంప్స్ ప్లగ్ పాయింట్, బయటి యూనిట్‌కు బాల్కనీలో చోటు ఉన్నాయో లేదో చూసుకోండి. తరచూ ఇల్లు మారేవాళ్లకు, కిటికీ అనువుగా ఉంటే, విండో ఏసీయే నయం. పైపులు విప్పే పని ఉండదు.

స్ప్లిట్ విప్పించేటప్పుడు మెకానిక్ పక్కనే ఉండి, ముందు ‘పంప్ డౌన్’ చేయమనండి. అంటే ఒక వాల్వు మూసి ఏసీ నడిపి, గ్యాస్ మొత్తం బయటి యూనిట్‌లోకి చేరాక రెండో వాల్వు కూడా మూస్తారు. అది చేయకపోతే గ్యాస్ గాలిలో కలిసిపోతుంది, కొత్తింట్లో మళ్లీ డబ్బు పెట్టి నింపించాలి. రాగి పైపులు కూడా వదిలేసి రాకండి, అవీ మీ డబ్బుతో కొన్నవే.